నీళ్లకు దారిచ్చిన పడమటి వాడ

ఆడెపు శ్రీలత కోరుట్ల బిడ్డ, సిరిసిల్ల కోడలు. మా పడమటి వాడలో ఆమె పేరు తెలియని ఇల్లు లేదు. ఆమెతో ఒక్కసారైనా గొడవ పడని ఇల్లూ లేదు. ఈ రెండో మాట ఆమె ముందే అంటే పెద్దగా నవ్వి, "గొడవ పెట్టుకోకుంటె పనెట్లయితది సారూ?" అంటుంది. నేను బడిలో పాఠాలు చెప్పుకునే మనిషిని. వాళ్లింటికి నాలుగిళ్ల అవతల ఉంటాను. నా కళ్ల ముందు జరిగిందే రాస్తున్నాను.

కోరుట్లలో ఆమె తల్లి రాములవ్వ బీడీలు చుట్టేది. కార్ఖానా నుంచి వచ్చిన తునికాకు బాగా లేకపోతే, గంప తిప్పి పంపించే ధైర్యం ఆ గల్లీ మొత్తంలో రాములవ్వ ఒక్కదానికే ఉండేదట. బిడ్డకు ఆ గొంతే వచ్చింది. ఇంటర్ అయిపోగానే సిరిసిల్లలో సాంచాలు నడిపించే సాంబయ్య కొడుకు ధనుంజయ్‌కి ఇచ్చి పెళ్లి చేశారు. సాంచాలంటే మా దగ్గర మరమగ్గాలు. సాంబయ్య పడుచుతనంలో భివండి వెళ్లి, పరాయి సాంచాల మీద ఒళ్లు అరగదీసుకుని, తిరిగొచ్చి ఒక్కొక్కటే కొని, ఇంటి వెనక సొంత కార్ఖానా కట్టుకున్నాడు. ఆ రేకుల షెడ్డంటే ఆయనకు ప్రాణం. పొద్దున లేచి దేవుడి పటం కన్నా ముందు దాన్ని చూసేవాడు.

కొత్త కోడలు కండెలు చుట్టే మిషన్ దగ్గర కూర్చుంది. కొన్నాళ్లకు మహిళా సంఘంలో చేరింది. ఇంకొన్నాళ్లకు వాడలోని సంఘాలన్నింటికీ ఆర్పీ అయింది. ఆర్పీ అంటే సంఘాలకూ మున్సిపాలిటీకీ మధ్య తిరిగే మనిషి. ఇటు నుంచి తిట్లు, అటు నుంచి తిట్లు. అత్త సత్యవ్వకు ఈ తిరుగుడు మొదట నచ్చలేదు. కానీ వాడలో ఎవరికి పింఛను ఆగినా, ఎవరి నల్లా ఎండినా "మీ కోడలేది?" అంటూ గుమ్మం ముందుకు వచ్చేసరికి ఆమెకు లోలోపల గొప్పగానే ఉండేది. బయటికి మాత్రం, "మా ఇంట్ల ఉప్పున్నదా లేదా తెల్వది గని ఊరందరి సంగతి తెల్సు దానికి" అని సణిగేది.

ఆ ఏడు బతుకమ్మ పండుగకు ముందు వానలు ఆగకుండా పడ్డాయి. మా వాడకు పైన మొగిలికుంట ఉంది. నిండితే మత్తడి, అదే అలుగు, దూకుతుంది. ఆ మత్తడి నీళ్లు ఒకప్పుడు కాలువ వెంట వాడ పక్కనుంచి పోయి మానేరులో కలిసేవి. ఇళ్లు పెరిగాయి, కాలువ పూడింది. దాని మీద గోడలు లేచాయి, మెట్లు లేచాయి, బాత్రూములు లేచాయి. నిజం చెప్పాలంటే అక్కడొక కాలువ ఉండేదన్న మాటే నాతో సహా అందరం మర్చిపోయాం.

తెల్లవారుతుండగా మత్తడి దూకింది. కాలువ లేని నీళ్లు వాడలోకి వచ్చాయి. ముందటేడే వేసిన సిమెంటు రోడ్డు మా గడపల కన్నా ఎత్తు. రోడ్డు మీది నీళ్లన్నీ గిన్నెలోకి ఒంపినట్టు ఇళ్లలోకి దిగాయి. సాంబయ్య కార్ఖానాలో చీరల బట్ట మొత్తం సాంచాలకు చుట్టిన బీముల మీదే ఉంది. ఆయన నీళ్లలో నిలబడి అరుస్తున్నాడు. "ఓదెలూ! లోపటికి పోరా! మోటర్లు ఇప్పురా!"

ఓదెలు ఆ కార్ఖానాలో చాలా ఏళ్లుగా సాంచాలు నడిపే మనిషి. మాటకు ఎదురు చెప్పడం తెలియనివాడు. పంచె ఎగగట్టి లోపలికి నడిచాడు. నీళ్లు నడుము దాకా వస్తున్నాయి. గోడకున్న కరెంటు బోర్డు సగం మునిగి ఉంది.

అది చూసింది శ్రీలత.

"ఓదెలన్నా, ఆగు! చెయ్యి పెట్టకు! కరెంటున్నది!" అని కేక వేసింది. నీళ్ల హోరులో అతనికి వినపడలేదు. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఆమె వెనక్కి తిరిగి, మొల లోతు నీళ్లలో గోడలు పట్టుకుంటూ పక్క వీధిలోని లైన్‌మన్ ఇంటికి పోయింది. తలుపు బాదింది. ఆ మనిషి బనీను మీదే ఉరికి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు తీసేశాడు. వాడలో వెలుగుతున్న బల్బులన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. సాంచాల మధ్య దారి వెతుక్కుంటూ పోయిన ఓదెలు చెయ్యి అప్పుడే బోర్డు మీదికి పోతోంది.

ఎవరూ చావలేదు. సాంచాలు మునిగాయి, బట్ట బురదైంది, మోటార్లు కాలాయి. బియ్యం నానాయి, పిల్లల పుస్తకాలు ఉబ్బిపోయాయి. మేమందరం మా బడి పై అంతస్తులో తలదాచుకున్నాం. అక్కడ ఓదెలు అరచెయ్యి చూసుకుంటూ మొదట నవ్వాడు. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చుని ఏడ్చాడు. సాంబయ్య అతని దగ్గరికి పోలేకపోయాడు.

నీళ్లు పోయాక నాయకులూ ఆఫీసర్లూ వచ్చారు, చూశారు, ఓదార్చారు. వాడ అంతా రెండే అడిగింది. ఒకటి నష్టపరిహారం. రెండోది, గుంతలు పడ్డ రోడ్డు మీద ఇంకొక రోడ్డు. శ్రీలత కూడా మొదట వాటినే అడిగింది.

ఆమె ఆలోచన మారింది జగిత్యాలలో. వరదల తర్వాత చుట్టుపక్కల పట్టణాల ఆర్పీలను పిలిచి అక్కడ శిక్షణ పెట్టారు. పాఠం చెప్పిన పెద్దాయన పటాలూ లెక్కలూ చూపించి, చివర్లో అందరినీ ఒక్క ప్రశ్న అడిగారట. "మీ వాడకట్టుల ఈ మధ్య కట్టినవన్నీ యాది చేసుకోండి. రోడ్డు, హాలు, అంగన్‌వాడీ, ఏదైనా. అండ్ల ఏ పని నీళ్లను ఆపింది? ఏ పని నీళ్లను ఇండ్లల్లకు తోలింది?"

వరద ఆకాశం నుంచి పడుతుందనే అప్పటిదాకా ఆమె అనుకుంది. సగం వరదను మనమే కట్టుకుంటున్నామని ఆ పూట అర్థమైంది. బస్సులో తిరిగి వస్తూ, వేములవాడ దాటేదాకా ఎవరితోనూ మాట్లాడలేదని ఆమెతో వెళ్లిన ప్రవళిక చెప్పింది. ప్రవళిక పక్క వార్డు ఆర్పీ. "అక్క మాట్లాడుతలేదంటె నాకు బుగులైంది, జరమొచ్చిందేమో అని" అంది.

వచ్చేసరికి పండుగ దగ్గర పడింది. ఇళ్లకు సున్నాలు వేస్తున్నారు. గోడల మీద నీళ్లు నిలిచిన మరక సున్నం కింద పోతోంది. శ్రీలత కార్ఖానా నుంచి దారానికి అద్దే నీలిరంగు డబ్బా తెచ్చి, ముందు తన ఇంటి గోడ మీదే, మరక ఉన్న ఎత్తులో అడ్డంగా గీత గీసింది.

సత్యవ్వ మొత్తుకుంది. "పండుగపూట గోడకు గీ ఖర్మేందే? ఆడిబిడ్డలు అచ్చి సూత్తె ఏమంటరు?"

"ఏమన్నా అననియ్యి అత్తమ్మా. మరక పోతే మనం మర్శిపోతం. మర్శిపోతే మల్ల గట్లనే కట్టుకుంటం."

ఇల్లిల్లూ తిరిగింది. కొందరు గీయనివ్వలేదు. గీత ఉన్న ఇంటికే పరిహారం వస్తుందని ఎవరో పుకారు పుట్టించారు. దాంతో మర్నాటి నుంచి "మా ఇంటికి రాకపోతివేంది?" అని పిలిచి మరీ గీయించుకున్నారు. పుకారు అబద్ధమని ఆమె అందరికీ చెప్పింది. అయినా గీతలు మాత్రం చెరపలేదు. పండుగనాటికి పడమటి వాడ మొత్తం నడుముకు నీలి దారం కట్టుకున్నట్టు ఉంది.

అప్పుడే మా వార్డు పనులు చూసే ఇంజనీరు మౌనిక వచ్చింది. చందుర్తి వైపు పెద్ద భూములున్న ఇంటి పిల్ల. "దొరలింటి పిల్ల, బురదల కాలు పెడతదా?" అని వాడలో అనుకున్నారు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని వాడంతా తిరిగింది. గీతలు చూసి ఆగిపోయింది.

"ఇవి ఎవరు గీసిండ్రు?"

"నేనే మేడమ్. తప్పా?"

"తప్పేంది అక్కా! నాకు సగం పని తప్పించినవ్."

ఇద్దరూ కలిసి కొలతలు తీసుకున్నారు. మౌనిక దగ్గర పరికరం ఉంది, పాత పటం ఉంది. శ్రీలత దగ్గర ప్రతి ఇంటి తలుపూ తీయించే నోరు ఉంది. ఒకరు లేకుండా ఇంకొకరికి ఆ పని అయ్యేది కాదు. రోడ్డు ఎక్కడెక్కడ గడపలను మించిందో తేలింది. కొత్తగా కట్టాలనుకుంటున్న కమ్యూనిటీ హాలు స్థలం మొగిలికుంట కింద సరిగ్గా నీళ్లు నిలిచే పల్లంలో ఉందని తేలింది. పాత కాలువ జాడ కూడా దొరికింది. మత్తడి నుంచి దిగి, మహిపాల్ సిమెంటు దుకాణం మెట్ల కిందుగా, ఇంకా కొన్ని ఇళ్ల వెనకగా వచ్చి, ఒకచోట పూర్తిగా మాయమైంది. ఆ చోటు సాంబయ్య కార్ఖానా వెనక సగం.

మౌనిక పటం మడిచి, నెమ్మదిగా అంది. "అక్కా, పాత పటం చూసి ఈ కాలువ గురించి నేను ఇదివరకే రాసిన. నేను ఒక్కదాన్ని రాస్తే ఫైల్‌ల ఉంటది. వాడ అడిగితే ప్లాన్‌లకు ఎక్కుతది. కానీ నీకు ఇంట్ల కష్టమైతది. నువ్వు వద్దంటే నేను ఏమనుకోను."

శ్రీలత ఆ షెడ్డు రేకుల వైపు కాసేపు చూసి, "కష్టమే" అంది.

వచ్చే ఏడు వార్డులో ఏ పనులు చేయాలో అనుకునే సభ మా బడి ఆవరణలోనే జరిగింది. శ్రీలత లేచి, ముందు కాలువ తెరవాలని, తర్వాతే రోడ్డని చెప్పింది. రోడ్డు కూడా పాతదాన్ని తవ్వి కిందికి దించి వేయాలంది. గోల లేచింది. ఉన్న రోడ్డు తవ్వుడేందని ఒకరు, కాలువ తెరిస్తే దోమలని ఒకరు. మహిపాల్ చెడ్డవాడు కాదు, కానీ మాట పడనివాడు. లేచి నిలబడి అన్నాడు.

"అన్నీ మంచిగనే చెప్పినవ్ చెల్లె. ముందుగాల మీ మామ కార్ఖానా తియ్యుమను. గప్పుడు కాలువ ముచ్చట మాట్లాడుదం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వానేమో, గుర్తు లేదు. ఆమె మొహం ఎర్రబడింది. కానీ కూర్చోలేదు.

"అడుగుత" అంది.

ఆ సాయంత్రమే అడిగింది. ఆ మాటలు మా ఇంటిదాకా వినపడ్డాయి.

"గా జాగకు పట్టా ఉన్నది!" సాంబయ్య అరిచాడు. "పైస పైస కూడబెట్టి కొన్న. దొంగతనం జెయ్యలే!"

"నువ్వు దొంగతనం జేసినవని ఎవలన్నరు మామా? నీకు అమ్మినోడు కాలువని చెప్పలే, కొన్న నీకు తెల్వలే. గని నీళ్లకు పట్టా సదువరాదు. అది దాని తొవ్వ అదే ఎతుక్కుంటది."

"నా సాంచాలు ఎటు వోవాలె?"

"ముందటికి జరుపుదం. అరుగు ఎత్తు జేసి కడ్దం. జాగ ఇరుకైతది, నిజమే."

"ఇరుకైతది!" ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు కోడలితో మాట్లాడలేదు. ఆమె వడ్డిస్తే కంచం ముందు నుంచి లేచేవాడు. సత్యవ్వ మధ్యలో నలిగింది. "నువ్వు గీ ఇంటి కోడలివా, మున్సిపాలిటీ కోడలివా?" అని ఒకసారి అననే అంది. ధనుంజయ్ నెమ్మదైన మనిషి. తండ్రికి ఎదురు చెప్పలేడు, భార్యను ఆపలేడు. ఒక మధ్యాహ్నం మాత్రం టేపు పట్టుకుని ముందరి వాకిలి కొలుస్తుంటే నేను చూశాను. నన్ను చూసి, "ఊకెనే సారూ" అన్నాడు. ఊకెనే ఎవరు కొలుస్తారు? సాంచాలు పడతాయో లేదో చూసుకుంటున్నాడు.

శ్రీలత ఆ రోజుల్లో నవ్వడం తగ్గించింది. ఒకసారి మా ఇంటికి వచ్చి నా భార్య దగ్గర కూర్చుని, "మామ చెయ్యి పట్టుకొని నేర్పిండు అక్కా నాకు, తెగిన పోగు అతుకుడు. గసొంటి మనిషిని ఏడిపిస్తున్న" అని కళ్లు తుడుచుకుంది. వెనక్కి తగ్గుతానని మాత్రం అనలేదు.

సాంబయ్య మనసును మార్చింది ఆమె వాదన కాదు, ఓదెలు కాళ్లు. కార్ఖానా బాగు చేయించి మళ్లీ నడుపుతున్నారు. ఒక పొద్దున ముసురు పట్టింది. వెనక గోడ కింది నుంచి కొంచెం నీళ్లు ఊరి నేల తడిసింది. పాదం మునిగేంత కూడా లేదు. ఓదెలు గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"ఏందిరా, లోపటికి రావేంది?" అన్నాడు సాంబయ్య.

"వస్త సేటూ, వస్త" అన్నాడు ఓదెలు. కానీ రాలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. చివరికి, "కాళ్లు కదులుతలేవు సేటూ. నేల తడిగుంటే బుగులైతది. నవ్వకుండ్రి" అన్నాడు.

సాంబయ్య నవ్వలేదు. ఓదెలును ఇంటికి పంపించి, సాంచాలు ఆపి, ఆ తడి నేల మీద స్టూలు వేసుకుని మధ్యాహ్నం దాకా ఒక్కడే కూర్చున్నాడు. సత్యవ్వ అన్నానికి పిలిస్తే రాలేదు. శ్రీలత కంచం తెచ్చి పక్కన పెడితే, ఆ రోజు లేచిపోలేదు. తిన్నాడు.

తర్వాతి సభకు ఆయన వచ్చాడు. తెల్లటి అంగీ వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. కాలువ మాట రాగానే తనే లేచాడు. పెద్దగా మాట్లాడే అలవాటు లేని మనిషి. నేల చూస్తూ మొదలుపెట్టాడు.

"గా పొద్దు ఓదెలును నీళ్లల్లకు పొమ్మన్నది నేనే. మోటర్ల మీది ప్రేమ, పావురంతోటి మనిషిని మర్శిన. నా కోడలు ఉరకకుంటె ఇయ్యాల ఓదెలు పెండ్లాం మొఖం నేను ఎట్ల సూద్దును?" తల ఎత్తి సభను చూశాడు. "సాంచె పోతే మల్ల తెచ్చుకోవచ్చు. కాలువ మీదున్న నా షెడ్డు నేనే తీసుకుంట. ఎవలు తియ్యుమన్నరని గాదు, నా అంతట నేనే. ఇగ మిగిలినోళ్లు మీరు సూసుకోండ్రి."

శ్రీలత తల దించుకుని కొంగుతో మొహం తుడుచుకుంటోంది. మహిపాల్ మాత్రం అక్కడే కుర్చీలో కదిలాడు. ఆ వారంలోనే అతని దుకాణం మెట్లు పోయాయి. తనే మేస్త్రీని పెట్టి పగలగొట్టించి, లోపలి వైపుకు కొత్త మెట్లు కట్టించుకున్నాడు. మహిపాల్, సాంబయ్య తీశాక ఇంక అడ్డం చెప్పేవాళ్లెవరు? వెనక గోడలు, బాత్రూములు ఒక్కొక్కటే జరిగాయి. బాత్రూము పోయే ఇళ్లకు ముందు కొత్తది కట్టి ఇచ్చాకే పాతది తీయాలని శ్రీలత పట్టుబట్టి సాధించింది.

సాంచాలు జరిపిన రోజు మా వాడలో పండుగలా ఉంది. ఇనుప చట్రాలు మోయడానికి పిలవకుండానే పక్క కార్ఖానాల నుంచి జనం వచ్చారు. తంగళ్ళపల్లి నుంచి రోజూ పనికి వచ్చే కుర్రాళ్లు సైకిళ్లు గోడకు ఆనించి భుజం పట్టారు. ఓదెలు ముందు నడిచాడు. ఎత్తు చేసిన కొత్త అరుగు మీద సాంచాలు దగ్గర దగ్గరగా, ఇరుకుగానే నిలబడ్డాయి. సత్యవ్వ అందరికీ చాయ్ పోసింది. పోస్తూ పోస్తూ కోడలి చెయ్యి పట్టుకుని, "జర కూసో, పొద్దటి సంది తిరుగుతున్నవ్" అంది.

ఆ ఏటి వార్డు ప్రణాళికలో వరద పనులని వేరే ఒక భాగం పెట్టలేదు. ఇది మౌనిక, శ్రీలత ఇద్దరూ గట్టిగా అనుకున్న మాట. వేరేగా పెడితే వచ్చే ఏటికి అది తెగిపోతుంది. అందుకని ఉన్న పనులనే మార్చారు. రోడ్డు ఎటూ వేయాలి, దాన్ని గడపల కిందికి దించి, కాలువ వైపు వాలుగా వేయమన్నారు. హాలు ఎటూ కట్టాలి, దాన్ని పల్లం నుంచి తీసి బడి పక్కన గట్టు మీద పెట్టారు. ముసలివాళ్లు ఎక్కడానికీ, తోపుడుబండి మీద బట్ట, మోటార్లు పైకి తేవడానికీ వెడల్పాటి వాలుదారి పెట్టమన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎత్తు పెంచారు. కార్ఖానాల్లో కరెంటు బోర్డులు నీలి గీతకు పైన ఉండాలన్నారు. అంగన్‌వాడీ వంటగదికి కూడా అదే నియమం.

కాగితం మీద ఉన్నది నేల మీదికి రావడం వేరే యుద్ధం. రోడ్డు పని మొదలైన రోజు గుత్తేదారు మనుషులు పాత రోడ్డు తవ్వకుండా, దాని మీదే కంకర పోయబోయారు. శ్రీలత కంకర లారీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. బీడీల చాటలు ఒళ్లో పెట్టుకుని వాడలోని ఆడవాళ్లు ఆమె చుట్టూ కూర్చున్నారు. చుట్టే బీడీ చుడుతూనే ఉన్నారు.

"లెవ్వు అక్కా, మాకు వేరే పని ఉన్నది" అన్నాడు మేస్త్రీ.

"మాకు గూడ పనే. గిక్కడ్నే చేసుకుంటున్నం. నువ్వు తవ్వు, మేం లేత్తం."

మౌనిక వచ్చి పని ఆపించింది. పాత రోడ్డు తవ్వాకే కొత్తది పడింది.

ఆ తర్వాత రెండో వానాకాలంలో మళ్లీ అంతటి వాన వచ్చింది. మొగిలికుంట నిండుతోందని అక్కడ కాపలా పెట్టిన సంఘం ఆడవాళ్లు ముందురోజే ఫోన్లలో చెప్పారు. పొద్దున్నే బట్ట, మోటార్లు అరుగుల మీదికి ఎక్కాయి. నడవలేని ముసలివాళ్లు వాలుదారి మీదుగా హాలు చేరారు. మధ్యాహ్నం మత్తడి దూకింది. నీళ్లు వచ్చాయి. మేమంతా గొడుగులు పట్టుకుని కాలువ పక్కన నిలబడ్డాం. ఎర్రటి నీళ్లు గట్టు దాకా లేచి, సుడులు తిరుగుతూ, సాంబయ్య పాత షెడ్డు ఉన్న చోటు నుంచే మానేరు వైపు పరుగెత్తాయి. సాంబయ్య నా పక్కనే ఉన్నాడు. చాలాసేపు చూసి, "గింత నీళ్లు నా కార్ఖానల ఉంటుండెనా సారూ!" అన్నాడు. అదేదో బరువు దిగినట్టు గట్టిగా ఊపిరి వదిలాడు.

వాడలో ఏ సాంచా మునగలేదు. ఓదెలు ఆ రోజంతా హాలులో పిల్లలకు అన్నం వడ్డిస్తూ గడిపాడు.

అంతా గెలిచామని చెప్పను. కాలువ మానేరులో కలిసే మలుపు దగ్గర రెండిళ్లలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. అందరూ శ్రీలతను మెచ్చుకోవడానికి వెతుకుతుంటే ఆమె ఆ రెండిళ్లలో చీపురు పట్టుకుని బురద ఎత్తుతోంది. "వదినె, నీ కాలువ మా ఇంట్లనే ఆగింది" అని ఆ ఇంటామె ఎత్తిపొడిస్తే, "నిజమే, మలుపు తప్పు పెట్టినం. వచ్చేసారి ముందుగాల నీ ఇల్లే" అని ఒప్పుకుంది. ఆ మలుపు వెడల్పు చేయడం తర్వాతి ఏడు మా వార్డులో మొదటి పని అయింది.

మా వాడ ముచ్చట మెల్లగా పాకింది. ఒకప్పుడు ఆమె వెనక బెంచీలో కూర్చుని విన్న జగిత్యాల శిక్షణకు, ఈసారి చెప్పడానికి పిలిచారు. మౌనిక, ఆమె కలిసి వెళ్లారు. అక్కడి నుంచి కోరుట్ల వాళ్లు అడిగారు. తను పుట్టిన గల్లీకి దగ్గరలోనే సభ అని తెలిసి ఆమె కంగారు పడింది. ఏ లారీకీ భయపడని మనిషి, ఏ చీర కట్టుకోవాలో సత్యవ్వను పదిసార్లు అడిగింది. సాంబయ్య తన సాంచాల మీద నేసిన బట్టతో జాకెట్టు కుట్టించాడు. సభకు మమ్మల్ని కూడా రమ్మన్నారు. ఆయన, ధనుంజయ్, నేను వెళ్లాం.

హాలు నిండా ఆడవాళ్లు. ముందు వరుసలో రాములవ్వ కూర్చుంది. తునికాకు మరకలు దిగని వేళ్లు ఒళ్లో పెట్టుకుని, బిడ్డను కన్నార్పకుండా చూస్తోంది. శ్రీలత మొదట తడబడింది. తర్వాత నీలి గీతల దగ్గరికి వచ్చేసరికి గొంతు కుదిరింది. గొడవలు చెప్పింది, తన ఇంటి గొడవ కూడా దాచకుండా చెప్పింది. "మామా, నేను చెప్పొచ్చా?" అన్నట్టు సాంబయ్య వైపు చూస్తే ఆయన తల ఊపాడు. చెప్పడం అయ్యాక చప్పట్లు చాలాసేపు మోగాయి. నా పక్కన సాంబయ్య కూడా కొట్టాడు, అందరికన్నా గట్టిగా.

"ఎవరికన్నా అడుగవలసింది ఉంటే అడుగుండ్రి" అన్నారు సభ నడిపే వాళ్లు.

అప్పుడు రాములవ్వ లేచింది. తల్లి ఏదో మెచ్చుకుంటుందని అనుకున్నాం. ఆమె మాత్రం బిడ్డను బిడ్డలా చూడలేదు, ఆర్పీని చూసినట్టే చూసింది.

"అన్నీ మంచిగనే చెప్పినవ్ మేడమ్. మా గల్లీల కొత్త దవాఖాన కడ్తరట. సూపిచ్చిన జాగ పల్లంల ఉన్నది. మొన్నటి ఆనకు అండ్ల బర్రెలు ఈత గొట్టినయ్. గండ్లకు మా ముసలోళ్లం ఎట్ల వోవాలె? గది చెప్పు ముందు."

హాలంతా నవ్వింది. శ్రీలత కూడా నవ్వింది. నవ్వుతూనే వేదిక దిగి వచ్చి, తల్లి ముందు నిలబడి అడిగింది.

"గా జాగ ఎక్కడ? నడువు, సూపియ్యి."

ఇద్దరూ ముందు నడిచారు. వాళ్ల వెనక మౌనిక, ఆ వెనక కోరుట్ల ఆడవాళ్లంతా బయటికి కదిలారు.